నూట అరవై పేజీల కత్తెర

మా పాప నవ్వుతూ నవ్వుతూనే ఊపిరందక చచ్చిపోతుందేమోనని నాకు భయం. ఈ మాట మా ఆయనతో కూడా ఇంత విడమరిచి ఎప్పుడూ అనలేదు. పాపకు అప్పటికి నాలుగేళ్ళు, ఉబ్బసం. పరుగెత్తితే తట్టుకుంటుంది. దుమ్ములో ఆడినా ఒక్కోసారి తట్టుకుంటుంది. పొట్ట పట్టుకుని నవ్విందంటే మాత్రం నవ్వు దగ్గులోకి దిగుతుంది, దగ్గు పిల్లికూతల్లోకి దిగుతుంది. రెండుసార్లు ఆస్పత్రిలో చేర్చాం. రెండోసారికి కారణం మా ఆయన తలమీద గిన్నె బోర్లించుకుని చేసిన డాన్సు. దాని తర్వాత వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని. కారణాన్ని తీసేస్తే ఫలితం రాదని నమ్మినదాన్ని. అందుకని మా ఇంట్లో నవ్వించడం నిషేధించాను.

అలాంటి రోజుల్లో కత్తెర చేతికింద పనికి చేరాను.

కత్తెర ఆమె పేరు కాదు. నెలకొక ప్రేమ నవల వేసే చిన్న ప్రచురణ సంస్థలో ఆమె ముప్పై ఏళ్ళుగా ఎడిటరు. ఆ పేరు రచయితలు పెట్టారు, ఎదురుగా అనే ధైర్యం లేక మెట్ల మీద అనుకునేవాళ్ళు. ఆఫీసు టైర్ల షాపు పైన రెండు గదులు. ముందు గదిలో ఓనరు బల్ల, దాని వెనక ఒక ఇనుప బీరువా. ‘తర్వాత చూద్దాం’ అనుకున్న నవలలన్నీ ఆ బీరువాలోకి వెళ్తాయి. అందులోంచి బయటికొచ్చిన నవలను చూసినవాళ్ళు లేరు. వెనక గదిలో ఆమె బల్ల, నా బల్ల, మధ్యలో ప్రూఫుల దొంతర. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఆమె వాడే తలనొప్పి మందు వాసన.

నన్ను తీసుకోవడానికి కారణం ఒక నర్సు రాసిన ఉత్తరం. మా నవలలో హీరో రక్తం గ్రూపు నలభయ్యో పేజీలో ఒకటి ఉండి, నూట పదో పేజీలో ఇంకొకటి అయిందట. ‘ఈ లెక్కన హీరోయిన్ ప్రేమగా ఎక్కించిన రక్తంతోనే హీరో పోవాలి’ అని రాసిందావిడ. దాంతో ఓనరు సైన్సు చదివిన మనిషి కోసం వెతికాడు.

మొదటి రోజు కత్తెర నన్ను కూర్చోమనలేదు.

“ఏం చదివావ్?”

“ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అండీ.”

“మరి ల్యాబులో ఉండక ఇక్కడికెందుకొచ్చావ్?”

“మా పాపకు ఒంట్లో బాగుండదండీ. సగం రోజు పని కావాలి.”

“ఒంట్లో బాగుండనివాళ్ళు మా నవలల్లో బోలెడుమంది ఉన్నారు. వాళ్ళ సంగతి చూడు. మీ పాప సంగతి ఈ గదిలో ఎత్తకు.”

ఆ రోజు నుంచి నా పేరు కెమిస్ట్రీ. నేను గంటకోసారి ఇంటికి ఫోను చేసేదాన్ని. మా అత్తగారు పాప వేలికి ఆక్సిమీటరు పెట్టి అంకె చెప్పేవారు, నేను నోటుబుక్కులో రాసుకునేదాన్ని. నాలుగో రోజు కత్తెర తలెత్తకుండానే అంది: “ఫోను పెట్టెయ్. నువ్వు అడిగినంత మాత్రాన ఆక్సిజన్ పెరగదు. పిల్ల వేలు నొప్పెడుతుంది.” ఆవిడ మీద ద్వేషం సరిగ్గా ఆ నిమిషాన పుట్టింది. చాలాకాలం తగ్గలేదు. కొంత ఇప్పటికీ ఉంది.

రచయితలతో ఆవిడ మాట్లాడే తీరు చూస్తే నాకు దక్కింది మర్యాదే అనిపించేది. ఒక టీచరమ్మ ఎంతో కష్టపడి రాసి తెచ్చిన నవలను బల్ల మీదికి తోసి, “మీ హీరోయిన్ నూట ఇరవై పేజీలు ఏడ్చిందమ్మా. చదివేసరికి నాకు దాహమేసింది. మధ్యలో ఒక్కసారైనా ముక్కు చీదుకోదా ఆ పిల్ల?” అంది. ఆ టీచరమ్మ ఏడ్చుకుంటూ మెట్లు దిగింది. మర్నాడు ఒక బ్యాంకు గుమాస్తా వచ్చాడు. అతని నవలంతా క్యాన్సర్ వార్డులో వేసిన జోకులు. ఆవిడ రెండు పేజీలు చదివి, “ఈ జోకులు ఎవరి కోసం నాయనా? మంచం మీదున్నవాడి కోసమా, నీకోసమా? వాడు ఒక్కసారీ నవ్వినట్టు రాయలేదేం?” అంది. అతను కాగితాలు కూడా అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

నేను నేర్చుకున్నదేమిటంటే, మా ఆఫీసులో సాహిత్యాన్ని నడిపేది కాగితం. మెషిను మీద ఒక షీటుకు పదహారు పేజీలు పడతాయి, దాన్ని ఫారం అంటారు. మా నవల ఎప్పుడూ పది ఫారాలు. అంటే నూట అరవై పేజీలు, ఒక్కటి ఎక్కువ కాదు, తక్కువ కాదు. ప్రేమికులు నూట అరవయ్యో పేజీలో కలిసితీరాలి. రాతప్రతి ఎక్కువైతే కోయాలి. కోతకు కత్తెర రూలు ఒకటుంది, రెండో వారంలోనే నాకు వల్లె వేయించింది.

“ముందు నవ్వు కొట్టెయ్. ఎందుకో చెప్పు?”

“తెలీదండీ.”

“జోకు దేనికీ ఆనుకుని ఉండదు. తీసేస్తే కథ కదలదు. యాక్సిడెంటు తీస్తే ఆస్పత్రి పోతుంది, ఆస్పత్రి తీస్తే పెళ్ళి పోతుంది. కాబట్టి ముందు నవ్వు, తర్వాత వర్ణన, తర్వాత వంట. ఏడుపు జోలికి చివర్న వెళ్ళు.”

నాకు ఆ రూలు తెగ నచ్చింది. ఆవిడ చెప్పిన వాటిలో నాకు నచ్చింది అదొక్కటే.

ఏడాది గడిచాక ఒక సోమవారం ఆవిడ రాలేదు. భర్తకు ఊపిరితిత్తుల్లో చీము పట్టి ఆస్పత్రిలో చేర్చారని ఓనరు చెప్పాడు. “ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చింది, మాట పోయింది. ఈవిడ మాటలు పడీ పడీ ఆయన మాట పోయుంటుంది,” అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు. నేనూ నవ్వాను. ఆవిడకొక భర్త ఉన్నాడనే నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ నెలకు ఓనరు ఎంచిన నవల పోస్టులో వచ్చింది. ఎవరో పేరు విననావిడ బయట టైపు చేయించి పంపింది. ఓనరు కట్ట నా బల్ల మీద పడేశాడు. “యాక్సిడెంటు ఉంది, ఆస్పత్రి ఉంది, పెళ్ళి ఉంది. కానీ నూట అరవై ఎనిమిది వచ్చింది. ఎనిమిది కోసెయ్. కత్తెర రూలు తెలుసుగా?”

తెలుసు. నవల చదివాను. మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య లిఫ్టు ఆగి లోపల ఒకమ్మాయి ఇరుక్కుంటుంది. మెకానిక్కు వస్తాడు. అమ్మాయి లోపల్నుంచి అరుస్తుంది. అతను బయట్నుంచి, “తీస్తానండీ, ముందు మీరు అరవడం ఆపండి, లిఫ్టు బెదురుతోంది,” అంటాడు. వాళ్ళ ప్రేమ అక్కడ మొదలు. తర్వాత అతను లిఫ్టు గుంటలో పడి వెన్ను విరగ్గొట్టుకుంటాడు. ఆపరేషను, నెలల తరబడి మంచం, ఆ అమ్మాయి సేవ. ఇంత కష్టంలోనూ అతను నోరు మూయడు. మంచం పక్కన వేలాడే మూత్రం సంచి దగ్గర కూర్చుని ఆ అమ్మాయి ఏడుస్తుంటే, “కొంచెం దూరంగా కూర్చుని ఏడు. అందులో పడితే కొలత ఎక్కువొచ్చి డాక్టరు నా కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయనుకుంటాడు,” అంటాడు. అమ్మాయి తల్లి వచ్చి, నడవలేనివాణ్ణి ఏం చూసి చేసుకుంటావే అని కూతుర్ని నిలదీస్తే, మంచం మీంచి అతనే జవాబు చెప్తాడు: “పారిపోలేడు కదా అత్తయ్యా.”

నాకు ఒళ్ళు మండింది. మా పాప వార్డులో ముక్కుకు గొట్టంతో పడుకున్న రెండు రాత్రులు నాకు కళ్ళముందే ఉన్నాయి. జబ్బు పక్కన కూర్చున్న ఏ మనిషైనా ఇలాంటివి రాస్తుందా? ఎర్ర పెన్సిలు తీసుకుని కొట్టడం మొదలుపెట్టాను. లెక్క రాసుకున్నాను కూడా: నలభై ఒక్క జోకులు. మూత్రం సంచి పక్కన మార్జిన్లో ‘రోగిని హేళన చేయడం’ అని రాశాను. సరిగ్గా ఎనిమిది పేజీలు పోయాయి. కథ ఒక్క అంగుళం కదల్లేదు. రూలు ఎంత గొప్పదో అనుకున్నాను.

మరుసటి మంగళవారం కత్తెర తిరిగొచ్చింది. సంచి భుజం మీంచి దింపకుండానే ప్రూఫు తీసింది. నిలబడే చదివింది. ఇరవై పేజీలయ్యాక కూర్చుంది. తర్వాత రాతప్రతి లాక్కుని నా ఎర్రగీతలు ఒక్కొక్కటీ చూసింది. ఆవిడ అరుస్తుందని ఎదురుచూశాను. అరవలేదు.

“ఎవరు కోశారు?”

“నేనేనండీ.”

“ఏ లెక్కన?”

“మీ లెక్కనే. ముందు నవ్వు.”

ఆవిడ వేలు మార్జిన్ మీద ఆగింది. “హేళనా? ఎవరు ఎవర్ని హేళన చేశారు?”

“రాసినావిడ. కష్టమంటే ఏంటో తెలియకుండా ఫ్యాను కింద కూర్చుని రాసినట్టుందండీ. జబ్బు మనిషిని పక్కన పెట్టుకున్నవాళ్ళెవరూ ఇలా రాయరు.”

“ఆ రాసింది నేనే,” అంది కత్తెర.

ముందు గదిలోంచి ఓనరు విన్నాడు, కుర్చీ వెనక్కి తోసి వచ్చాడు.

“మీరా మేడమ్? మీరు ప్రేమ నవల రాశారా?” అని గుమ్మం పట్టుకుని నవ్వాడు. “దొంగపేరెందుకు? చెబితే రాయితీ ఇచ్చేవాణ్ణిగా!”

“ఆ రాయితీ వద్దనే. తీసిన పేజీలు మళ్ళీ పెట్టించండి.”

“పెడితే నూట అరవై ఎనిమిదవుతుంది. పది ఫారాలని మీరేగా ముప్పై ఏళ్ళు అందరి గొంతులూ కోశారు? ఎక్కువుందని మీకు తెలీదా?”

“తెలుసు. నాకు కోయడానికి చేతులు రాలేదు. ఎలాగూ నా బల్ల మీదికే వస్తుంది, అప్పుడు చూద్దామనుకున్నా. ఈలోగా ఆయన్ని ఆస్పత్రిలో వేశారు. ఇంకెవరో కోస్తారని నేను కలగన్నానా?”

“చూడండీ, జోకుల్లేకుండా బ్రహ్మాండంగా ఉంది. జనానికి ఏడుపే కావాలి. ఇలాగే వేసేద్దాం.”

“వేస్తే మీ బల్ల విరగ్గొడతా,” అంది ఆవిడ, టైము చెప్పినంత మామూలుగా. “ఎనిమిది పేజీలు వేరేవి తీసిస్తాను.”

“గురువారం పొద్దున్న పదికి మెషిను. ఆలోపు నూట అరవై నా చేతిలో ఉండాలి. లేకపోతే బ్యాంకు గుమాస్తాది ఎక్కిస్తా, మీది బీరువాలోకి.” బీరువా అంటే ఏమిటో ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ మధ్యాహ్నమంతా ఆవిడ పెన్సిలు పట్టుకుని కూర్చుంది. వందల మంది రాతల్ని తరిగిన మనిషి తన రాతలో ఒక్క వాక్యం కొట్టలేకపోయింది. గీత పెట్టడం, రబ్బరుతో చెరపడం. కాగితం చిరిగింది. నాలుగింటికి నా వైపు తిరిగింది.

“రేపు మా ఇంటికి రా. పాడుచేసింది నువ్వు, బాగుచేసేది కూడా నువ్వే.”

“రేపు మా అత్తగారు ఉండరండీ. పాపను చూసేవాళ్ళెవరూ లేరు.”

“తీసుకురా. మా ఇంట్లో కరిచే కుక్కలేం లేవు, నేను తప్ప.”

ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన ఆవిడ భర్త లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తులో ఉంటున్నాడు. పాపను ఎత్తుకుని మెట్లెక్కేసరికి నాకే పిల్లికూతలొచ్చాయి. కిటికీ పక్కన మంచం, దాని మీద దిండ్లు ఆనించి కూర్చోబెట్టిన పొడుగాటి మనిషి. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. మూతి ఒకపక్కకు లాగేసింది. మమ్మల్ని చూసి ఎడమచెయ్యి ఎత్తి, “సరే,” అన్నాడు.

“ఆయనకు మిగిలింది ఆ ఒక్క మాటే,” అంది కత్తెర. “ఆకలేసినా సరే, ఒళ్ళు మండినా సరే. ఎవరితో ఏదంటున్నాడో నువ్వే కనిపెట్టుకోవాలి. కూర్చో. మొదటి పేజీ నుంచి పైకి చదువు. పెన్సిలు నా దగ్గరుంటుంది.”

“ఎందుకండీ పైకి?”

“ఆయన వినాలి. ఈ పుస్తకమంతా ఆయనే.”

లిఫ్టు బెదురుతోందన్న దగ్గర ఆయన ముందు కళ్ళు చిన్నవి చేశాడు, తర్వాత సగం మూతితో నవ్వాడు. ఆస్పత్రి దగ్గరికొచ్చాం. నేను కొట్టేసిన మూత్రం సంచి జోకు తల దించుకుని గబగబా చదివాను. ఆయన ఒక్కసారిగా పగలబడి నవ్వాడు, మంచం ఊగింది. “సరే! సరే!” అంటూ ఎడమచేత్తో తొడ మీద కొట్టుకున్నాడు. ఆ మాటన్నదెవరో చెప్పమన్నట్టు భార్య వైపు చూశాడు.

“నువ్వే అన్నావయ్యా,” అంది ఆవిడ విసుగ్గా. “పెద్దాస్పత్రిలో, ఆరో నంబరు మంచం మీద. నేను చెంబు విసిరాను కూడా. గుర్తులేదా?”

ఆయన వేలు తన గుండె మీద పెట్టుకున్నాడు. నేనా అన్నట్టు. నమ్మలేదు. మళ్ళీ చదవమని సైగ చేశాడు.

“అన్నీ ఆయన అన్నవేనా అండీ? నలభై ఒక్కటీ?” అన్నాను నేను.

“మరి నావనుకున్నావా? నాకు జోకులు చేతనైతే ముప్పై ఒక్క ఏళ్ళు ఆ రబ్బరు కంపులో ఎందుకుంటాను? ఒక్క ముక్క నాది కాదు. ఇందులో నావి ఏడుపులు. మాట పోయిన మర్నాటి నుంచి గుర్తొచ్చినవన్నీ రాసిపెట్టాను. ఆయన మర్చిపోతున్నాడు, నేనూ మర్చిపోతే ఇంకెవరి దగ్గరున్నాయి? అచ్చులో ఉంటే ఎవరో ఒకరి ఇంట్లో ఉంటాయి. నువ్వు వాటిని ఏరి ఏరి చంపావు.”

క్షమించండి అన్నాను. “చదువు,” అంది.

మేం పని చేస్తుంటే పాప మెల్లగా మంచం మీదికి పాకింది. ఆ ‘సరే’ దానికి బొమ్మ దొరికినట్టయింది.

“తాతా, నువ్వు ఏనుగువా?”

“సరే.”

“నీకు తోకుందా?”

“సరే,” అన్నాడాయన మహా గంభీరంగా.

పాప విరగబడి నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగనే దిగింది. కాగితాలు విసిరేసి లేచాను, పాపను లాగి, ఆయన మీద అరిచాను: “చాలండీ, దాన్ని నవ్వించొద్దు!” ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కత్తెర లేవలేదు. “ఆయన మీద అరవడానికి నేనున్నాను, నువ్వు ముందు మందివ్వు,” అంది. ఇన్‌హేలరుకు గొట్టం తగిలించి రెండు పఫ్‌లు ఇచ్చాను. వేలికి ఆక్సిమీటరు పెట్టాను. తొంభై మూడు. అయిదు నిమిషాలకు తొంభై అయిదు. పావుగంటకు తొంభై ఏడు. మూతికి అతుక్కున్న జుట్టు తీసుకుని పాప ఆయన వైపు తిరిగింది.

“తాతా, మరి బల్లివా?”

ఆయన జవాబు చెప్పకుండా నా మొహం చూశాడు. నేను కింద పడ్డ కాగితాలు ఏరుకున్నాను. కాసేపు చూసి, చిన్నగా, “సరే,” అన్నాడు. పాప నవ్వింది. నేను ఇన్‌హేలరు చేతిలోనే పట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం ఆపరేషను ఘట్టానికి వచ్చాం. ఆ అమ్మాయి కారిడార్లో ఒంటరిగా కూర్చుని ఏడ్చే తొమ్మిది పేజీలు. ఒక చదువరిగా చెప్పాలంటే ఆ నవల్లో అంత చక్కగా రాసిన భాగం ఇంకోటి లేదు. రెండో పేజీలోనే ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. నేను ఆగాను.

“చదువు,” అంది ఆవిడ.

ఇంకో పేజీ చదివాను. ఆయన ఎడమచెయ్యి గాలిలో ఊపాడు, చాలు చాలన్నట్టు.

“ఏం? ఎందుకొద్దు?” కత్తెర లేచి మంచం దగ్గరికెళ్ళింది. “నువ్వు లోపల మత్తులో హాయిగా పడుకున్నావు. బయట నాలుగు గంటలు నేనేమయ్యానో నీకెవరు చెప్తారు? ఈ పుస్తకంలో నాదంటూ ఉన్నది ఆ తొమ్మిది పేజీలే. అది కూడా నీకు బరువేనా?”

“సరే,” అన్నాడాయన గోడతో.

“సరేనట! నా ఏడుపుకు సరేనట!” అని ఆవిడ కూర్చుని పెన్సిలు తీసుకుంది. ఈసారి రబ్బరు వాడలేదు. ఒక పేజీ, ఇంకో పేజీ, అడ్డంగా. నిన్నంతా కదలని చెయ్యి గబగబా కొట్టేస్తూ పోతుంటే చూడలేకపోయాను.

“పూర్తిగా తీయకండి,” అన్నాను. “లోపల ఆపరేషను ఎవరికని ఎవరో అడిగితే కంగారులో మీరు ఆయన పేరు బదులు ఇంకో పేరు చెప్పిన ఆ భాగమైనా ఉంచండి. పక్కన కూర్చున్నవాళ్ళక్కూడా ఒక పేజీ కావాలి.”

“ఎవరికి? నీకా?”

“నాకే.”

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఆ ఒక్క పేజీ ఉంచింది.

ఒక చోట మాత్రం లెక్క తిరగబడింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అతను మొదటిసారి లేవబోయి పడతాడు. లేపలేక ఆ అమ్మాయి కూడా నేల మీదే కూర్చుండిపోతుంది. ఇద్దరూ గంటసేపు అలాగే ఉంటారు. అందులో జోకు లేదు. ఆవిడ అది కూడా కొట్టబోయింది. ఆయన ఎడమచేత్తో ఆవిడ చేతిలోని పెన్సిలు లాక్కుని దిండు కింద పెట్టుకున్నాడు. ఎంత అడిగినా ఇవ్వలేదు. మిగతా పని నా పెన్సిలుతో చేశాం.

సాయంత్రం నాలుగున్నరకు లెక్క చూస్తే తొమ్మిదిలో ఎనిమిది పోయాయి. నూట అరవై వచ్చింది. “నీ కెమిస్ట్రీ ఇన్నాళ్ళకు పనికొచ్చింది, కూడికలు తప్పలేదు,” అంది. ఆవిడ నోట నేను విన్న ఏకైక మెప్పు అదే.

గురువారం పదికి ఓనరు పేజీలు తిరగేసి మొహం ముడిచాడు. “ఏడుపు బాగా తగ్గిపోయిందే!”

“కావాలంటే మీ ఇంటికి తీసుకెళ్ళి కలుపుకోండి,” అంది కత్తెర. నవల మెషినెక్కింది. కవరు మీద దొంగపేరే ఉంచింది.

ఉత్తరాలు వచ్చాయి, సగానికి పైగా తిట్లు. ‘మంచాన పడ్డవాడితో వెకిలి మాటలా? మీకు మానవత్వముందా?’ అని ఒకరు. ‘మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే తెలుస్తుంది’ అని ఇంకొకరు. ఆవిడ వాటిని వరసగా చదివి ఫైల్లో పెట్టింది, ఒక్కదానికీ జవాబివ్వనివ్వలేదు. ఒక కార్డు మాత్రం ఇంటికి పట్టుకెళ్ళింది: ‘మా ఆయనకు ఆస్పత్రిలో చదివి వినిపించాను. సంచి దగ్గరికొచ్చేసరికి ఆయన నవ్విన ఊపుకు సెలైను సూది ఊడిపోయింది. నర్సు నన్ను తిట్టింది. మీరే వచ్చి సమాధానం చెప్పండి.’

ఆ తర్వాత ఏడాది ఆవిడ పని చేసింది. మధ్యాహ్నాలు త్వరగా వెళ్ళి ఆ పుస్తకం భర్తకు చదివేది. “కిందటి వారం చదివింది ఈ వారం గుర్తుండదు. మళ్ళీ కొత్తగా నవ్వుతాడు. మర్చిపోయే మొగుడితో అదొక్కటే లాభం,” అనేది. ఆ ‘లాభం’ అనేటప్పుడు ఆవిడ మొహం చూడబుద్ధయ్యేది కాదు. తర్వాత ఆయన్ని ఒక్కణ్ణీ వదలలేక ఉద్యోగం మానేసింది. వీడ్కోలు సభ పెడతానని ఓనరు అంటే, “మీ ఉపన్యాసం కూడా నన్నే కోయమంటారు, వద్దు,” అంది.

ఇప్పుడు ఆ బల్ల నాది. రచయితలు మెట్ల మీద నన్నేమంటారో నాకు తెలియదు. ఈ నెల నవల్లో కథానాయికకు మూత్రపిండాలు పాడయ్యాయి. పదకొండు పేజీలు ఎక్కువుంది. రేపు పొద్దున్న దాన్ని తీసుకుని డయాలసిస్ వార్డుకు వెళ్తున్నాను. అక్కడ వారానికి మూడుసార్లు వచ్చే ఒక దర్జీ ఆవిడ వింటానని ఒప్పుకుంది, నచ్చకపోతే మొహం మీదే చెప్తానని బెదిరించింది కూడా. పెన్సిలు చెక్కుకున్నాను గానీ ఇంకా ఒక్క గీత పెట్టలేదు. కత్తెర ఆఖరి రోజున సంచి భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి నాతో అన్నది ఇది:

“ముందు నవ్వు కొట్టెయ్యమని నీకు నేర్పాను చూడు, అది మర్చిపో. నాకు తెలీక చెప్పాను. ఏది కొయ్యాలన్నా ముందు ఆ కష్టం పడ్డవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని పైకి చదువు. వాళ్ళు దొరక్కపోతే అలాంటివాళ్ళను వెతుక్కుని వెళ్ళు, బద్ధకించకు. వాళ్ళు నవ్విన చోట చెయ్యి పెట్టకు. మొహం తిప్పుకుంటే, అక్కడ కొయ్యి. పెన్సిలు లాక్కున్నారనుకో, నోరు మూసుకుని ఇచ్చెయ్. ఇంకెప్పుడూ ఫోను చేసి నన్నడగకు.”